ముప్పై ఎనిమిదేళ్ల వయసులో యుద్ధవిద్య: ఏది నేర్చుకోవాలి, ఎక్కడ నేర్చుకోవాలి?

ప్రశ్న: నా వయసు 38 ఏళ్లు. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని చేసే ఉద్యోగం. వారంలో మూడు నాలుగు రోజులు పని ముగించుకుని రాత్రిపూట ఒంటరిగా ఇంటికి వస్తాను. ఈ మధ్య ఒకసారి ఎవరో వెంట వస్తున్నట్టు అనిపించి చాలా భయపడ్డాను. లోగడ జిమ్‌లో చేరి, విసుగు పుట్టి మానేశాను. ఏదైనా యుద్ధవిద్య నేర్చుకుంటే వ్యాయామమూ ఆత్మరక్షణా రెండూ కలిసి వస్తాయని ఆశ. కరాటే, తైక్వాండో, జూడో, బాక్సింగ్, జియు-జిట్సు వీటిలో నాకు ఏది మంచిది? ఈ వయసులో మొదలుపెట్టవచ్చా? ఎడమ మోకాలు అప్పుడప్పుడు నొప్పి పెడుతుంది. ముఖం మీద దెబ్బలు తినాలంటే నాకు భయం. మాకు దగ్గరలో ఉన్న ఒక శిక్షణ కేంద్రం వారు ఏడాదిలో బ్లాక్ బెల్టు వస్తుందని, అప్పటికి ఎవరినైనా ఎదుర్కోగలనని అంటున్నారు. నమ్మవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు చిన్న ప్రశ్నలకు బదులు చెప్పి, తరువాత పెద్దదాని దగ్గరికి వస్తాను. 38 ఏళ్లు ఈ పని మొదలుపెట్టడానికి ఆలస్యమైన వయసేమీ కాదు. పోటీల్లో పతకాల కోసం కాక ఒంటి ఆరోగ్యం కోసం నేర్చుకునేవారు నలభైల్లోనూ యాభైల్లోనూ కొత్తగా చేరుతూనే ఉంటారు. ఏడాదిలో బ్లాక్ బెల్టు ఇస్తామన్న కేంద్రంలో చేరకండి. మోకాలిని ఎముకల డాక్టరుకో ఫిజియోథెరపిస్టుకో చూపించుకున్న తరువాతే తరగతిలో అడుగు పెట్టండి. ఇక "ఏది మంచిది" అన్న ప్రశ్నకు నా సమాధానం మీకు కొంత నిరాశ కలిగించవచ్చు: విద్య పేరు చూసి ఎంచుకోవడం కన్నా, ఆ విద్యను అక్కడ ఎలా సాధన చేయిస్తున్నారో చూసి ఎంచుకోవడం మేలు.

ఎదుటి మనిషి ఊరుకోడు. ఆత్మరక్షణలోని కష్టమంతా అక్కడే ఉంది. శిక్షణ గదిలో జోడీగా నిలబడ్డ వ్యక్తి మీ మణికట్టు పట్టుకుని బొమ్మలా ఆగిపోతే, దాన్ని విడిపించుకుని అతణ్ని కింద పడవేయడం రెండో రోజుకే వచ్చేస్తుంది. అదే వ్యక్తి ఒక చేత్తో మిమ్మల్ని లాగుతూ, రెండో చేత్తో నెడుతూ, మీరు ఏం చేయబోతున్నారో కనిపెట్టి అడ్డుకుంటూ ఉంటే అదే పట్టు పది సార్లలో తొమ్మిది సార్లు విఫలమవుతుంది. ఆ తొమ్మిది వైఫల్యాలే అసలు పాఠం. ఇలా ఎదురు తిరిగే జోడీతో, ముందుగా అనుకున్న వరుస ఏదీ లేకుండా చేసే అభ్యాసాన్ని స్పారింగ్ అంటారు. జూడోలో దాని పేరు రాండోరి. అది లేని తరగతి వ్యాయామంగా పనికిరావచ్చు, చూడడానికి అందంగానూ ఉండవచ్చు, కానీ ఆత్మరక్షణ పేరుతో దాన్ని నేర్చుకోవడం నేల విడిచి సాము చేయడమే.

దీనికి జూడో పుట్టుకే మంచి సాక్ష్యం. జిగోరో కానో 1882లో టోక్యోలో కొడోకాన్ అనే శిక్షణశాలను స్థాపించి, జపాన్ పాత పోరాట విద్య జుజుత్సు సంప్రదాయాల్లోని పట్లను తీసుకుని, అవతలివారిని గాయపరచకుండా పూర్తి బలంతో చేయగలిగిన వాటిని రాండోరి కోసం నిలుపుకుని, కొట్టడం, తన్నడం వంటి ప్రమాదకరమైన వాటిని కటా అనే నిర్ణీత వరుసలకు పరిమితం చేశారు. దీనివల్ల విద్య పదును తగ్గుతుందని ఎవరైనా అనుకుంటారు. జరిగింది అందుకు విరుద్ధం: ప్రమాదం తగ్గడంతో శిష్యులు ఒకరినొకరు నిజంగా పడవేయాలని ప్రయత్నిస్తూ రోజూ సాధన చేయగలిగారు, రోజూ చేసినవాడికి వచ్చే ఒడుపు ఎప్పుడూ పరీక్షకు నిలబడని పట్లు తెలిసినవాడికి రాలేదు. అందుకే "మా విద్య ప్రాణాంతకమైనది, దానితో స్పారింగ్ చేయించడం కుదరదు" అని చెప్పే మాస్టారు ఎదురైతే మర్యాదగా నమస్కారం పెట్టి వచ్చేయమని నా సలహా.

ఈ ధోరణే బ్రెజిల్‌లో మరింత ముందుకు సాగింది. కొడోకాన్‌లో శిక్షణ పొందిన మిత్సుయో మయెదా 1914లో ఆ దేశం చేరి, ఆ తరువాత గ్రేసీ కుటుంబంలోని కార్లోస్‌కు నేర్పిన విద్య క్రమంగా నేల మీద చేసే పోరాటంగా, బ్రెజిలియన్ జియు-జిట్సుగా రూపుదిద్దుకుంది. 1993లో అమెరికాలోని డెన్వర్‌లో రకరకాల విద్యల వారిని ఒకరితో ఒకరిని తలపడనిచ్చిన మొదటి యూఎఫ్‌సీ పోటీలో, ఆ కుటుంబానికే చెందిన రాయిస్ గ్రేసీ తనకన్నా బరువైన ముగ్గురు ప్రత్యర్థులను వరుసగా లొంగదీసుకుని గెలిచాడు. ఈ కథ చెప్పి "బలంతో పని లేదు, టెక్నిక్ ఉంటే చాలు" అని ప్రచారం చేసేవారు ఎక్కువ. ఆ మాటను సగమే నమ్మండి. బాక్సింగ్‌లోనూ జూడోలోనూ బరువు విభాగాలు ఉన్నాయంటేనే శరీర పరిమాణం ఎంత ముఖ్యమో తెలుస్తుంది; జూడో మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చిన 1964 టోక్యో క్రీడల్లో, బరువు పరిమితి లేని విభాగంలో ఆతిథ్య దేశపు ఆశలను వమ్ము చేసి స్వర్ణం గెలిచినవాడు దాదాపు రెండు మీటర్ల ఎత్తున్న నెదర్లాండ్స్ దేశస్థుడు ఆంటన్ గీసింక్. నైపుణ్యం బరువులో తేడాను తగ్గిస్తుంది, పూర్తిగా చెరిపివేయదు. మీకన్నా ఇరవై కిలోలు ఎక్కువున్న జోడీతో ఒక్క వారం కుస్తీ పడితే ఈ విషయం ఎవరూ వివరించనక్కర లేకుండానే తెలిసిపోతుంది.

మీరు అడిగిన విద్యల్లో కరాటే గురించి ఒక్క మాటలో చెప్పడం కష్టం, ఎందుకంటే ఆ పేరు కింద నడిచే తరగతులు ఒకదానికొకటి పోలిక లేనంతగా మారిపోతాయి. ఒకినావా నుంచి వచ్చి 1922లో టోక్యోలో ప్రదర్శన ఇచ్చిన గిచిన్ ఫునాకోషి బోధనలో కటాదే పెద్ద పీట. తరువాత వచ్చిన క్యోకుషిన్ అనే కరాటే శాఖలో ఒంటి మీద పూర్తి బలంతో కొట్టుకుంటారు, కానీ ముఖం మీద పిడికిలితో కొట్టడం నిషిద్ధం. ఒక చోట గంటసేపు వరుసల్లో నిలబడి గాలిలోకి గుద్దిస్తారు, ఇంకో చోట సగం సమయం జోడీలతోనే గడుస్తుంది. తైక్వాండో 2000 సిడ్నీ క్రీడల నుంచి ఒలింపిక్స్‌లో పతకాల క్రీడ. ఒంటికి చురుకుదనం, కాళ్లకు సాగుడు బాగా వస్తాయి, అయితే ఒక కాలి మీద నిలబడి నడుము తిప్పుతూ తన్నే తన్నులు ఎక్కువ కాబట్టి నొప్పి పెట్టే మోకాలితో మొదలుపెట్టడానికి ఇది అనువైనది కాదు. జూడోలో కింద పడడం నేర్పుతారు, అది జీవితమంతా పనికివచ్చే విద్య. ఆత్మరక్షణలో ఎప్పుడూ అవసరం పడకపోయినా తడి నేల మీద జారిన రోజున అవసరం పడుతుంది. కాకపోతే ఇతరులు మిమ్మల్ని ఎత్తి పడవేస్తున్నప్పుడు పాదం మ్యాట్‌కు అతుక్కుపోతే మోకాలు మెలిపడే ప్రమాదం ఉంది.

మీ పరిస్థితికి నేను మొదట చెప్పేది జియు-జిట్సు. దానికి కారణం ఒక్కటే, కానీ పెద్దది. బరువైన మనిషి మీద కూర్చున్న స్థితి, చేతులు అదిమి పట్టిన స్థితి మిగతా విద్యల్లో ఓటమితో సమానం. జియు-జిట్సులో అది పాఠం మొదలయ్యే చోటు. ఊపిరి బిగబట్టకుండా, భయపడి వృథాగా తన్నుకోకుండా, నడుము ఎత్తి, మోకాలు లోపలికి దూర్చి, చోటు చేసుకుని బయటపడడాన్ని వారం వారం నేర్పుతారు. ముఖం మీద దెబ్బలూ ఉండవు. జోడీ మెడ మీద గానీ కీలు మీద గానీ పట్టు బిగించగానే మీరు చేత్తో రెండుసార్లు తట్టితే అతను వెంటనే వదలాలి. ఈ ఒక్క నియమం వల్లే కొత్తవారు కూడా దాదాపు పూర్తి బలంతో సాధన చేయగలుగుతారు. మెడకు రెండు వైపులా ఉన్న రక్తనాళాలను సరిగా బిగిస్తే మనిషి సుమారు పది సెకన్లలో స్పృహ తప్పుతాడు కాబట్టి, ఓర్చుకుందామని ఆగకుండా తట్టడం నేర్చుకోవడమే ఇందులో మొదటి క్రమశిక్షణ. మీ మోకాలి విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి: మడమ పట్టి మెలితిప్పే పట్లను కొత్తవారిపై వాడనివ్వని తరగతినే ఎంచుకోండి, ఎందుకంటే ఆ మెలి నొప్పి తెలిసేలోపే మోకాలి కీలు దెబ్బతింటుంది.

ఈ విద్యకు ఉన్న లోపం కూడా చెప్పకపోతే తప్పు. రోజూ మ్యాట్ మీద దొర్లేవారికి కింద ఉండడం అలవాటైపోతుంది. గట్టి నేల మీద, ఇంకొకరు వచ్చి కలిసే అవకాశం ఉన్నచోట అది చెడ్డ అలవాటు. ఒక చేయి నేలకు ఆనించి, రెండో చేయి ముఖానికి అడ్డంగా ఉంచుకుని, ఒక కాలితో ఎదుటివారిని దూరంగా ఉంచుతూ లేచి నిలబడే పద్ధతి ఒకటుంది. దాన్ని ప్రతి తరగతిలో చేయించమని మీ మాస్టారును అడగండి. దగ్గరలో మంచి జియు-జిట్సు తరగతి లేకపోతే బాక్సింగ్‌లో చేరండి. దూరాన్ని అంచనా కట్టడం, కాళ్లు కదపడం, దెబ్బ వస్తుంటే కళ్లు మూసుకోకపోవడం దానిలో నేర్పినంత బాగా ఎక్కడా నేర్పరు, తల మీద దెబ్బలు లేకుండానే ఇవన్నీ చాలావరకు నేర్చుకోవచ్చు. ప్యాడ్ల మీద, బ్యాగు మీద గుద్దడం, ఒంటి మీదికి మాత్రమే తేలికగా స్పారింగ్ చేయడం మీకు సరిపోతుంది. అయితే గ్లవుజులూ చేతికట్లూ లేని పిడికిలితో ఎముక గట్టిగా ఉన్న తల మీద గుద్దితే చిటికెన వేలి వైపు అరచేతి ఎముక విరగడం చాలా మామూలు. అందుకే బయట అవసరమైతే మణికట్టుకు ఆనుకుని ఉండే అరచేతి గట్టి భాగంతో కొట్టడాన్ని విడిగా సాధన చేయండి.

స్పారింగ్ ఎంత ముఖ్యమో దానికి హద్దు ఉండడమూ అంతే ముఖ్యం. తలకు దెబ్బ తగిలిన తరువాత తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి, అయోమయం వంటివి కనిపిస్తే ఆ రోజుకు సాధన ఆపి డాక్టరును కలవాలి. పూర్తిగా తగ్గకముందే మళ్లీ దెబ్బ తింటే జరిగే నష్టం మొదటిదానికన్నా తీవ్రంగా ఉండవచ్చు. "ఇదంతా మామూలే, గట్టిపడాలి" అనే శిక్షకుడికి మీ తలను అప్పగించకండి.

వ్యాయామం సంగతికి వస్తే, మీ ఆశ న్యాయమైనదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ గానీ, 75 నుంచి 150 నిమిషాల తీవ్ర శ్రమ గానీ అవసరం, దానితోపాటు కనీసం రెండు రోజులు కండరాలకు బలం పెంచే పని ఉండాలి. శారీరక శ్రమను కొలిచే పట్టికల్లో, విశ్రాంతిగా కూర్చున్నప్పటి శక్తివ్యయాన్ని ఒకటిగా తీసుకుంటే, కొత్తవారు నెమ్మదిగా చేసే యుద్ధవిద్యల సాధనకు 5.3, ఓ మోస్తరు వేగంతో చేసే జూడో, కరాటే, కిక్‌బాక్సింగ్ వంటివాటికి 10.3 అని ఉంది. అంటే మొదటి నెలల్లో చురుకైన నడకకన్నా కొంచెం ఎక్కువ, తరువాత పరుగుతో సమానం. వారానికి రెండు తరగతులతో మీ కోటా చాలావరకు పూర్తవుతుంది. ఒక తేడా మాత్రం గుర్తుంచుకోండి: చాలా తరగతుల్లో మాస్టారు వివరిస్తుండగా నిలబడి వినే సమయం, జోడీ వంతు వచ్చేదాకా ఆగే సమయం చాలానే పోతాయి, తరగతి గంట అంటే శ్రమ గంట అని లెక్క వేయకూడదు. బరువు తగ్గడమే ప్రధానమైతే తిండి మార్చకుండా ఏ విద్యా ఆ పని చేయదు. తొడ ముందు వెనక కండరాలకు బలం పెంచే వ్యాయామం వారానికి రెండుసార్లు ఇంట్లో చేసుకుంటే మీ మోకాలికి అది పట్టీకన్నా మంచి రక్షణ. జిమ్‌లో మీకు పుట్టిన విసుగు ఇక్కడ పుట్టే అవకాశం తక్కువని నా నమ్మకం: మీరు రాకపోతే అడిగే జోడీ ఉంటుంది, పోయిన వారం తప్పించుకోలేకపోయిన పట్టు నుంచి ఈ వారం తప్పించుకున్నానన్న తృప్తి ఉంటుంది.

ఆత్మరక్షణ ఇంతకన్నా వేరే విషయం, దానిలో ఎక్కువ భాగం చేయి లేవకముందే జరిగిపోతుంది. దీనికి గట్టి ఆధారం ఉంది. కెనడాలోని మూడు విశ్వవిద్యాలయాల్లో విద్యార్థినులతో జరిపి 2015లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన అధ్యయనంలో, మూడేసి గంటల చొప్పున నాలుగు భాగాలుగా, మొత్తం 12 గంటల శిక్షణ పొందినవారిలో ఏడాది లోపల అత్యాచారానికి గురైనవారి శాతం 5.2 ఉంటే, కరపత్రాలు మాత్రమే అందుకున్నవారిలో అది 9.8. ఆ పన్నెండు గంటల్లో దెబ్బలాడడం ఒక భాగం మాత్రమే. మిగతాదంతా పరిస్థితి ఎప్పుడు ప్రమాదం వైపు తిరుగుతున్నదో గుర్తించడం, తెలిసినవాడే హద్దు మీరుతున్నప్పుడు "బాగుండదేమో" అన్న మొహమాటాన్ని దాటడం, గట్టిగా మాటతో ఎదిరించడం. మహిళలపై హింసకు పాల్పడేవారిలో ముక్కూ మొహం తెలియనివారికన్నా తెలిసినవారే ఎక్కువ. చీకటి దారిలో వెంటపడే అపరిచితుడి కోసమే సిద్ధమయ్యే శిక్షణ ఈ పెద్ద భాగాన్ని వదిలేస్తుంది. మీకు దగ్గరలో ఇలాంటి చిన్న శిక్షణ ఏదైనా దొరికితే యుద్ధవిద్యతోపాటు అదీ తీసుకోండి, అదీ ముందుగా తీసుకోండి.

రాత్రి దారి విషయంలో మీరు చేయగలిగినవి సాదా పనులు. చెవుల్లోని ఇయర్‌ఫోన్లు తీసేయండి. ఎవరో వెంట వస్తున్నారనిపిస్తే దారి మార్చి మనుషులున్న వైపు, వెలుతురున్న వైపు నడవండి, వెనక్కి తిరిగి నేరుగా చూడండి, ఇంటివైపు మాత్రం వెళ్లకండి. దగ్గరకు వస్తే చేతులు ముందుకు చాపి "అక్కడే ఆగు" అని గట్టిగా అరవండి. ఆ అరుపును కూడా సాధన చేయాలి, ఎందుకంటే మర్యాదగా పెరిగిన చాలామందికి అవసరమైనప్పుడు గొంతు పెగలదు. పారిపోవడానికి దారి ఉంటే పారిపోవడమే మంచి పట్టు. కత్తి చూపించి బ్యాగో ఫోనో అడిగితే ఇచ్చేయండి. కత్తిని చేత్తో లాక్కునే విద్యను మూడు రోజుల్లో నేర్పుతామనేవారి మాట వినకండి. చాలా దేశాల చట్టాలు ఆత్మరక్షణకు హక్కు ఇస్తాయి గానీ, వాడిన బలం ముప్పుకు తగినంతగా ఉండాలని, ముప్పు తొలగిన తరువాత కొట్టడం ఆపాలని కోరతాయి.

ఇక చేరబోయే ముందు ఏ కేంద్రంలోనైనా ఒక తరగతిని మొదటి నుంచి చివరిదాకా కూర్చుని చూడండి. చూడనివ్వకపోతే అక్కడితో ఆపేయవచ్చు. జోడీ తట్టగానే వదులుతున్నారా, బలమైనవారు కొత్తవారితో బలం తగ్గించి ఆడుతున్నారా, ఎవరికైనా దెబ్బ తగిలితే మాస్టారు ఏం చేస్తున్నారు అన్నవి గమనించండి. కొత్తగా చేరిన మహిళలు మాత్రమే కాక, రెండు మూడేళ్లుగా వస్తున్న మహిళలు ఎంతమంది ఉన్నారో చూడండి. నా దృష్టిలో ఒక కేంద్రం గురించి ఇంతకన్నా నమ్మదగిన కొలమానం లేదు. వారిలో ఒకరితో మాస్టారు లేనప్పుడు మాట్లాడండి. ఒంటికి ఒళ్లు తగిలే విద్య కాబట్టి ఎవరితో జోడీ కట్టాలో, ఎవరితో వద్దో చెప్పే హక్కు మీకు ఉండాలి, దానికి కారణం చెప్పనక్కర లేదు. మ్యాట్లు రోజూ శుభ్రం చేస్తారా అని అడగడానికి మొహమాటపడకండి, తామర వంటి చర్మవ్యాధులు వాటి మీద కూడా అంటుకుంటాయి. ఏడాది డబ్బు ముందుగా కట్టమంటే ఒక నెలకే కడతానని చెప్పండి. యూనిఫాం, గ్లవుజులు నెల తరువాత కొనుక్కోవచ్చు, మౌత్‌గార్డు మాత్రం మొదటి స్పారింగ్‌కు ముందే కావాలి.

బెల్టు విషయం చెప్పి ముగిస్తాను. జియు-జిట్సులో బ్లాక్ బెల్టుకు సాధారణంగా పదేళ్ల చుట్టుపక్కల పడుతుంది. జూడో, కరాటేల్లో శ్రద్ధగా సాగే చోట్ల కొన్నేళ్లు. ఏడాదిలో ఇచ్చేవారు అమ్ముతున్నది గుడ్డముక్క, దానితోపాటు అంతకన్నా ప్రమాదకరమైన ధైర్యం. మీరు వారానికి రెండు రోజులు క్రమంగా వెళ్తే, మొదటి మూడు నెలలు ఒళ్లు నొప్పులూ అయోమయమూ తప్ప పెద్దగా ఏమీ కనిపించదు. కండరాలకన్నా స్నాయువులు నెమ్మదిగా బలపడతాయి కాబట్టి ఆ కాలంలో ఉత్సాహం కొద్దీ రోజూ వెళ్లకపోవడమే మంచిది. ఆరో నెల వచ్చేసరికి, కొత్తగా చేరిన మీ బరువు మనిషి మీ మీద కూర్చుంటే తప్పించుకుని లేవగలుగుతారు. ఏడాదికి, మీకన్నా కొంత బరువైనవారి నుంచి కూడా చాలాసార్లు తప్పించుకోగలుగుతారు, పది నిమిషాలు ఆగకుండా పెనుగులాడగలుగుతారు, మెట్లెక్కితే వచ్చే ఆయాసం తగ్గుతుంది. "ఎవరినైనా" ఎదుర్కోగలగడం అప్పటికీ రాదు, పదేళ్లకూ రాదు. డాక్టరు మోకాలిని చూసి సరేనంటే, వచ్చే నెలలో రెండు వేర్వేరు కేంద్రాల్లో చెరొక తరగతి చూసి, మహిళలు ఎక్కువ కాలంగా నిలిచి ఉన్న చోట ఒక నెలకు చేరండి.